2018 నాటి క్రెడిట్ కార్డు బాకీకి ఇప్పుడు ఫోన్లు మొదలయ్యాయి, ఏం చేయాలి?

పెందుర్తి_శ్రీను · నవంబర్ 4, రాత్రి 9:40

అందరికీ నమస్కారం అండి. విషయం కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. 2016లో ఒక ప్రైవేట్ బ్యాంకు కార్డు తీసుకున్నా, లిమిట్ 80 వేలు. 2018లో నేను చేసే కంపెనీ మూతపడింది, కొన్నాళ్లు మినిమం డ్యూ కట్టుకుంటూ నెట్టుకొచ్చి ఆఖరికి అదీ ఆపేశా. లాస్ట్ పేమెంట్ 2018 అక్టోబర్ 11, పాస్‌బుక్కులో ఎంట్రీ ఉంది. అప్పటికి బాకీ 72 వేల చిల్లర. కొంతకాలం ఫోన్లు చేశారు, కరోనా వచ్చాక ఆగిపోయాయి, తర్వాత నేనూ నంబర్ మార్చా.

ఇప్పుడు పోయిన నెల నుంచి ఎవరో ఏఆర్‌సీ (బ్యాంకుల మొండి బాకీలు కొనే కంపెనీ) అంట, మీ కార్డు అప్పు మేం బ్యాంకు దగ్గర కొనుక్కున్నాం, మొత్తం 3,86,000 అయింది, ఇవాళ సాయంత్రం లోపు 65 వేలు కడితే సెటిల్ చేస్తాం, లేదంటే రేపు లీగల్ టీమ్ ఇంటికొస్తుంది అని. మా మావయ్య గారికి కూడా ఫోన్ చేసి "మీ అల్లుడు చీటింగ్ కేసులో ఉన్నాడు" అన్నారంట, ఆ నంబర్ వీళ్లకెలా వెళ్లిందో దేవుడికే తెలియాలి. ఇంట్లో గొడవ గొడవగా ఉంది. వాట్సాప్‌లో ఒక నోటీసు పంపారు, పైన త్రాసు బొమ్మ, కింద ఎర్ర సీలు, "అరెస్ట్ వారెంట్ బిఫోర్ యాక్షన్" అని హెడ్డింగు. నిన్న చేసినవాడు కొంచెం మెత్తగా మాట్లాడి "5 వేలు టోకెన్ వేయండి సార్, కేసు హోల్డ్‌లో పెట్టిస్తా" అన్నాడు. ఆ 5 వేలు వేసేస్తే కొన్నాళ్లు ప్రశాంతంగా ఉంటుందేమో అనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

సిద్దిపేట_పిలగాడు · నవంబర్ 4, రాత్రి 9:58

అన్నా ఆ 5 వేలు మాత్రం ఎయ్యకు. మిగిలిందంతా రేపు మాట్లాడుకుందాం గాని ఇయ్యాల రాత్రికి గూగుల్ పే ముట్టకు, అంతే.

గోదారి_గట్టు · నవంబర్ 4, రాత్రి 10:15

మూడేళ్లు దాటిపోయింది కదండీ, 2021 అక్టోబర్‌తో లిమిటేషన్, అంటే దావా వేసే గడువు, అయిపోయింది. వాళ్లు కోర్టుకి వెళ్లలేరు, బ్లాక్ చేసి పడుకోండి హాయిగా.

నల్లకోటు · నవంబర్ 4, రాత్రి 11:20

గోదారి గారూ, 2021 కాదండి. కరోనాని మర్చిపోయారు. సుప్రీంకోర్టు 2022 జనవరి 10న ఇచ్చిన ఆర్డరు ప్రకారం 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని లిమిటేషన్ లెక్కలోంచి తీసేయాలి. అంటే శ్రీను గారి విషయంలో 2018 అక్టోబర్ నుంచి 2020 మార్చి వరకు ఏడాదిన్నరకి కొంచెం తక్కువ నడిచింది, అక్కడ గడియారం ఆగింది, మళ్లీ 2022 మార్చి 1న మొదలైంది, మిగిలిన భాగం 2023 సెప్టెంబర్ చివరికి పూర్తయింది. లాస్ట్ పేమెంట్ నుంచి కాకుండా తర్వాతి డ్యూ డేట్ నుంచి లెక్కేస్తారు కాబట్టి ఒక నెల అటూ ఇటూ. ఎలా చూసినా ఇప్పటికి దాటిపోయింది, మధ్యలో ఇంకేమీ జరక్కపోయుంటే. ఆ చివరి మాట చాలా ముఖ్యం.

మధ్యలో జరిగేవి రెండు. గడువు ఇంకా ఉండగానే బాకీ ఉన్నట్టు రాసి సంతకం పెట్టి ఇవ్వడం (లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్), లేదా గడువులోగా ఎంతోకొంత కట్టడం (19వ సెక్షన్). ఏది జరిగినా ఆ రోజు నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు. 18లో ఇంకో మెలిక ఉంది, చాలామందికి తెలీదు, "బాకీ ఉన్న మాట నిజమే, కానీ నేను కట్టను, నా దగ్గర డబ్బుల్లేవు" అని రాసినా అది ఒప్పుకున్నట్టే లెక్క. జనం జాలి పుట్టించడానికి పెద్ద పెద్ద ఈమెయిళ్లు రాస్తారు చూడండి, ఉద్యోగం పోయింది సార్, అమ్మకి ఆపరేషన్ సార్, ఈ 72 వేలు తర్వాత కడతా సార్ అని, అవన్నీ అవతలివాడి ఫైల్లో భద్రంగా ఉంటాయి.

ఇక గడువు దాటాక అయితే చిన్న పేమెంటుతో పాత బాకీకి ప్రాణం రాదు, చట్టం ప్రకారం. కానీ "ఫలానా మొత్తం కడతాను" అని రాసి సంతకం పెడితే కాంట్రాక్ట్ చట్టం 25(3) కింద అదే కొత్త ఒప్పందం అయిపోతుంది. టోకెన్ కట్టించుకునేవాడు ఊరికే కట్టించుకోడు, వెంటనే ఒక సెటిల్మెంట్ ఫారమో, ఓటీపీతో సంతకం అయ్యే లింకో పంపిస్తాడు. అసలు ఉచ్చు ఆ కాగితంలో ఉంటుంది. కాబట్టి సిద్దిపేట తమ్ముడు చెప్పినదే కరెక్టు.

మాజీ_కాలర్ · నవంబర్ 5, ఉదయం 7:35

నేను హైదరాబాద్‌లో ఒక కలెక్షన్ ఏజెన్సీలో చేశాను, ఇప్పుడు ఆ ఫీల్డులో లేను కాబట్టి చెప్తున్నా. "ఇవాళ సాయంత్రం లోపు" అన్నది స్క్రిప్టు. నెలాఖరుకి టార్గెట్, ఆ టార్గెట్ మీదే ఇన్సెంటివ్, అందుకే 25 తర్వాత ఫోన్లు ఎక్కువ, గొంతులు కూడా పెద్దవి. ఇవాళ 65 అన్నవాడు మార్చిలో 40 అంటాడు, మార్చి అంటే ఇయర్ ఎండింగ్ కదా.

మీరు ఫోన్లో ఏదంటే దానికో కోడ్ ఉంటుంది. ఎత్తకపోతే ఆర్ఎన్ఆర్. కట్టనంటే ఆర్‌టీపీ. "వచ్చే వారం చూస్తానండి" అని మర్యాదకి అన్నారనుకోండి, అది పీటీపీ, అంటే ప్రామిస్ టు పే, డేట్ వేసి లిస్టులో పైకి తెచ్చేస్తారు, ఆ డేట్‌కి పొద్దున్నే ఫోన్, కట్టకపోతే "మాటిచ్చి తప్పారు" అని దబాయింపు. చాలామంది మొహమాటానికి చెప్పే ఆ ఒక్క మాట వల్లే ఫోన్లు ఎక్కువవుతాయి. "ఏదున్నా రాతపూర్వకంగా పంపండి, ఫోన్లో మాట్లాడను" అని అదే వాక్యం ప్రతిసారీ చెప్పి పెట్టేయండి. కోపం కూడా చూపించొద్దు, కోపమొచ్చిన మనిషి మాట్లాడతాడు అని మాకు ట్రైనింగులోనే చెప్పేవాళ్లు.

మావయ్య గారి నంబర్ సంగతి, కార్డు అప్లికేషన్లో రిఫరెన్సు కాలమ్ ఉంటుంది, అందులో మీరే రాసుంటారు. లేకపోతే పాత అడ్రస్ పట్టుకుని చుట్టుపక్కల అడిగి సంపాదిస్తారు, దాన్ని స్కిప్ ట్రేసింగ్ అంటారు.

రిటైర్డ్_మేనేజర్ · నవంబర్ 5, ఉదయం 10:05

నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో చేసి దిగినవాణ్ణి, అందరూ తిట్టినా పర్లేదు, ఒక మాట చెప్తా. వస్తువులు కొన్నారు, వాడుకున్నారు, 72 వేలు అయితే బ్యాంకు సొమ్మే కదా. లిమిటేషన్ దాటితే కోర్టుకి వెళ్లే దారి మూసుకుంటుంది తప్ప బాకీ మాయమైపోదు. సిబిల్‌లో, అంటే మీ అప్పుల రికార్డులో, "రిటెన్ ఆఫ్" అని అలాగే ఉంటుంది. రైట్ ఆఫ్ అంటే మాఫీ అనుకునేవాళ్లు నా సర్వీసులో వందల మంది వచ్చారు, అది బ్యాంకు తన పుస్తకాల్లో చేసుకునే సర్దుబాటు, అంతే. ఏడేళ్లకి దానంతట అదే చెరిగిపోతుందని ఇంకో నమ్మకం. 2005 నాటి క్రెడిట్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద పెట్టిన రూల్స్‌లో కనీసం ఏడేళ్లు ఉంచాలని ఉంది, ఏడేళ్లకి తీసేయాలని కాదు.

శ్రీను గారికి రేపు హోమ్ లోన్ కావాలంటే ఈ ఎంట్రీ గొంతుకి అడ్డం పడుతుంది. అది కూడా ఆలోచించుకోండి.

సిద్దిపేట_పిలగాడు · నవంబర్ 5, ఉదయం 10:31

సార్ 72 వేలు సరే, 3,86,000 ఏంది మరి? నెలకు మూడున్నర శాతం అంటే ఏడాదికి 42. దాని మీద లేట్ ఫీజు, దాని మీద జీఎస్టీ. కట్టెటోడు ఎట్ల కడ్తడు?

నల్లకోటు · నవంబర్ 5, ఉదయం 11:10

వడ్డీ మీద కోర్టుకెళ్లినా ఇప్పుడు పెద్ద ఉపయోగం లేదండి. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ 30 శాతం దాటితే అన్యాయమే అని చెప్పింది, దాన్ని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 20న కొట్టేసింది, ఆ రేట్లు చూసుకోవడం ఆర్‌బీఐ పని అని. కానీ కట్టని ఫీజుల్నీ పన్నుల్నీ అసల్లో కలిపి మళ్లీ వాటి మీద వడ్డీ వేయకూడదని 2022 కార్డుల డైరెక్షన్లలో ఆర్‌బీఐ రాసింది. కాబట్టి 3,86,000 ఎలా వచ్చిందో నెలవారీ లెక్క అడగడంలో తప్పేం లేదు. చాలాసార్లు వాళ్ల దగ్గర లెక్కే ఉండదు, ఒక ఎక్సెల్ షీట్‌లో మీ పేరు, ఒక అంకె, అంతే కొనుక్కుని వస్తారు.

మేనేజర్ గారి మాటతో నాకు గొడవ లేదు. కట్టాలనుకునేవాడు కట్టుకోవచ్చు. కానీ కట్టడం వేరు, భయపెడితే ఎవడో చెప్పిన యూపీఐ ఐడీకి పంపడం వేరు.

పెందుర్తి_శ్రీను · నవంబర్ 5, సాయంత్రం 6:50

అందరికీ థాంక్స్ అండి, టోకెన్ వేయలేదు. మేనేజర్ గారూ మీరన్నది నిజమే, వచ్చే ఏడాది ఫ్లాట్ చూద్దామనుకుంటున్నాం, అందుకే నాకూ టెన్షన్. ఇవాళ కూడా చేశాడు, మాజీ కాలర్ గారు చెప్పిన వాక్యమే చెప్పా, "ఏం సార్ యూట్యూబ్ చూశారా" అని నవ్వాడు.

ఆ అరెస్ట్ నోటీసు సంగతి ఎవరూ చెప్పలేదు? నిజంగా పోలీసులు వస్తారా?

నల్లకోటు · నవంబర్ 5, రాత్రి 8:15

రారు. కార్డు బాకీ సివిల్ వ్యవహారం. మొదటి రోజు నుంచీ మోసం చేసే ఉద్దేశంతో దొంగ కాగితాలు పెట్టి కార్డు తీసుకుంటే అది వేరే కథ. మీరు రెండేళ్లు సక్రమంగా కట్టి ఉద్యోగం పోయాక ఆపేశారు, అది చీటింగ్ కాదు. చెక్ బౌన్స్ 138 అని బెదిరిస్తారు, మీరు చెక్కు ఇవ్వందే 138 ఎక్కడిది. ఆటో డెబిట్ పెట్టుకుని అది బౌన్స్ అయితే మాత్రం 2007 పేమెంట్ సిస్టమ్స్ చట్టంలో 25వ సెక్షన్ ఉంది, మీకు అదీ లేదు కదా. 420 అని ఎవడైనా అంటే నవ్వుకోండి, అది చీటింగ్ సెక్షన్, మీది చీటింగ్ కాదని చెప్పాను కదా.

నిజమైన కోర్టు కేసుకి సీఎన్‌ఆర్ నంబర్ అని 16 అక్షరాల నంబర్ ఉంటుంది. ఈకోర్ట్స్ యాప్‌లో అది కొడితే వివరాలు వస్తాయి, నంబర్ లేకపోతే మీ జిల్లా కోర్టు ఎంచుకుని మీ పేరుతోనూ వెతకొచ్చు. వాళ్లు పంపిన నోటీసు మీద ఆ నంబర్ లేకపోతే అది ప్రింటవుట్ మాత్రమే.

అలాగని అన్నీ ఫేక్ అనుకుని కూర్చోవద్దు, నా దగ్గరికి వచ్చే కేసుల్లో సగం ఇదే. నిజంగా కోర్టు సమన్లు వస్తే తప్పకుండా వెళ్లాలి. సమ్మరీ సూట్ (త్వరగా తేల్చే దావా) అంటే ఆర్డర్ 37 కింద వేస్తే సమన్లు అందిన 10 రోజుల్లో హాజరు వేయాలి. మామూలు సూట్ అయితే జవాబు దాఖలుకి 30 రోజులు. గడువు దాటిన దావాని ఎవరూ అడక్కపోయినా కోర్టే కొట్టేయాలని లిమిటేషన్ చట్టం 3వ సెక్షన్ చెప్తుంది, కానీ మీరు లేకుండా వాడు పెట్టిన తారీకులే జడ్జి గారు చూస్తారు కదా. ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీరు లేకుండా ఇచ్చే తీర్పు, ఒకసారి వచ్చిందంటే దాన్ని అమలు చేయించుకోడానికి వాళ్లకి 12 ఏళ్లు టైముంటుంది, అప్పుడు జీతం మీదకొస్తారు. ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి దగ్గర తేల్చడం) నోటీసు వచ్చినా అంతే, మూలన పడేయొద్దు, లిమిటేషన్ అక్కడా వర్తిస్తుంది, వాళ్లంతట వాళ్లే పెట్టుకున్న ఆర్బిట్రేటర్ మీద అభ్యంతరం కూడా చెప్పొచ్చు, కానీ రాసి చెప్పాలి.

కడప_లక్ష్మి · నవంబర్ 5, రాత్రి 9:02

మధ్యలో అడుగుతున్నా ఏమనుకోవద్దు. మా నాయన 2022లో పోయినాడు, ఆయన కార్డు మీద లక్షా పది వేలు ఉందంట. కూతుర్ని కాబట్టి నేనే కట్టాలని రోజూ ఫోన్లు, మా ఆయన ఆఫీసుకి కూడా చేస్తామంటున్నారు. డెత్ సర్టిఫికెట్ పంపినా ఇంకా ఆపలేదు.

నల్లకోటు · నవంబర్ 5, రాత్రి 9:20

లక్ష్మి గారూ, నాన్నగారి ఆస్తి ఏదైనా మీకు వస్తే ఆ వచ్చినంత మేరకే బాధ్యత, మీ సొంత సంపాదన మీద, మీ ఆయన జీతం మీద ఏ హక్కూ లేదు. ఏమీ రాకపోతే ఏమీ లేదు. కూతురనే కారణంతో "నేను కడతాను" అని ఎక్కడా సంతకం పెట్టకండి. డెత్ సర్టిఫికెట్ మళ్లీ ఒకసారి బ్యాంకు నోడల్ ఆఫీసర్‌కి (ఫిర్యాదులు చూసే ఆఫీసరు) ఈమెయిల్ చేయండి, ఏజెంటుకి కాదు. న్యాయ సహాయం కావాలంటే 15100కి చేయండి, మహిళలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా కోర్టులోనే లీగల్ సర్వీసెస్ అథారిటీ ఆఫీసుంటుంది.

కడప_లక్ష్మి · నవంబర్ 5, రాత్రి 9:34

చాలా థాంక్స్ అన్నా. నాయన పేరు మీద ఒక పాత బజాజ్ చేతక్ తప్ప ఏం లేదు, అది వాళ్లొచ్చి తోసుకుని పోతే మాకే మేలు.

మాజీ_కాలర్ · నవంబర్ 5, రాత్రి 10:11

😂 లక్ష్మి గారూ, "మా ఆయన ఆఫీసుకి చేస్తాం" అన్నది రికార్డ్ చేసి పెట్టుకోండి. 2022 ఆగస్టు 12న ఆర్‌బీఐ సర్క్యులర్ వచ్చింది, ఉదయం 8కి ముందు సాయంత్రం 7 తర్వాత రికవరీ కాల్స్ చేయకూడదు, బంధువుల్ని స్నేహితుల్ని ఇబ్బంది పెట్టకూడదు, నలుగురిలో పరువు తీసే పనులు చేయకూడదు, సోషల్ మీడియాలో కూడా పిచ్చి మెసేజీలు పెట్టకూడదు. ఏజెంట్ ఏం చేసినా దానికి జవాబుదారీ బ్యాంకే. మా ఫ్లోర్‌లో ఈ సర్క్యులర్ ప్రింట్ తీసి గోడకి అంటించారు, దాని కిందే కూర్చుని రాత్రి ఎనిమిదిన్నరకి సొంత సిమ్‌తో కాల్స్ చేయించేవాళ్లు. సొంత సిమ్ ఎందుకంటే ఆఫీసు కాలింగ్ సిస్టమ్‌లో రికార్డు పడదు కదా.

శ్రీను గారూ, ఫీల్డుకి ఎవరైనా వస్తే ఐడీ కార్డు, ఆథరైజేషన్ లెటర్, డీఆర్‌ఏ (రికవరీ ఏజెంట్ ట్రైనింగ్) సర్టిఫికెట్ అడగండి. ఫొటో తీసుకుంటా అనండి. సగం మంది అక్కణ్ణుంచే బండి తిప్పేస్తారు.

డల్లాస్_రమ · నవంబర్ 6, ఉదయం 6:40

హాయ్, నేను ఇక్కడ రోజూ చదువుతా గానీ ఎప్పుడూ రాయలేదు. నాకూ ఇలాంటిదే, 2018 డిసెంబర్‌లో ఆఖరి పేమెంట్, 2019 జనవరిలో యూఎస్ వచ్చేశాను, మధ్యలో చెల్లి పెళ్లికి ఒకసారి వచ్చి వెళ్లా అంతే. ఇప్పుడు తెనాలిలో అమ్మావాళ్లకి ఫోన్ చేసి మీ అమ్మాయి పాస్‌పోర్ట్ బ్లాక్ చేయిస్తాం, ఎయిర్‌పోర్టులో దిగగానే పట్టుకుంటారు అంటున్నారట. అమ్మకి బీపీ. పైన లెక్క ప్రకారం నాది కూడా లిమిటేషన్ అయిపోయినట్టేగా? ఇక్కడ టెక్సాస్‌లో అయితే నాలుగేళ్లు, తర్వాత డెట్ బయ్యర్లు దావా వేయడానికి కూడా లేదు, అక్కడ మూడే కదా.

నల్లకోటు · నవంబర్ 6, ఉదయం 9:30

రమ గారూ, మీకు చెడ్డ వార్త. లిమిటేషన్ చట్టంలో 15వ సెక్షన్ 5వ సబ్ సెక్షన్ అని ఒకటుంది, ఎన్నారైలు ఎవరూ చదవరు. బాకీదారు ఇండియాలో లేని కాలాన్ని మొత్తం గడువులోంచి తీసేయాలి. మీరు 2019 జనవరి నుంచి అక్కడే ఉన్నారంటే మీ గడియారం దాదాపు కదల్లేదు. వెళ్లేముందు ఇక్కడున్న రోజులు, పెళ్లికి వచ్చిన ఆ కొద్ది రోజులే లెక్కలోకి వస్తాయి. టెక్సాస్ రూలు టెక్సాస్ అప్పుకి, ఇది ఇక్కడి ఒప్పందం.

పాస్‌పోర్ట్ మాట మాత్రం ఉత్త బెదిరింపు. మామూలు కార్డు బాకీకి లుకౌట్ నోటీసు, అంటే ఎయిర్‌పోర్టులో ఆపమనే ఆర్డరు, ఉండదు. ప్రభుత్వ బ్యాంకుల అధికారులు లుకౌట్ అడిగే క్లాజు ఒకటుండేది, పెద్ద పెద్ద ఎగవేతల కోసం, దాన్ని కూడా బాంబే హైకోర్టు 2024 ఏప్రిల్‌లో కొట్టేసింది. అమ్మగారికి ఒకటే చెప్పండి, "అమ్మాయి ఈమెయిల్ ఇది, దానికి రాసుకోండి" అని ఫోన్ పెట్టేయమనండి. కానీ మీ విషయంలో నేనైతే బ్యాంకుతో నేరుగా మాట్లాడి తేల్చుకోమంటా, ఇంకో పదేళ్లు ఆగినా అది పాతబడదు.

డల్లాస్_రమ · నవంబర్ 6, ఉదయం 9:52

అయ్యబాబోయ్. ఇది నిజంగా ఎవరూ చెప్పలేదు. ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపులో అందరూ "మూడేళ్లు అయితే ఫ్రీ" అనే అంటారు.

గోదారి_గట్టు · నవంబర్ 6, ఉదయం 10:20

నేను కూడా అదే బ్యాచ్ అండి 🙏 లా చదవాలనిపిస్తోంది.

రిటైర్డ్_మేనేజర్ · నవంబర్ 6, ఉదయం 11:45

ఇంకో విషయం. కార్డు బాకీ ఏ బ్యాంకుదో అదే బ్యాంకులో సేవింగ్స్ అకౌంటు గానీ జీతం అకౌంటు గానీ ఉంటే జాగ్రత్త. కార్డు తీసుకునేటప్పుడు సంతకం పెట్టిన షరతుల్లో సాధారణంగా సెట్ ఆఫ్ హక్కు (మీ అకౌంట్లో డబ్బు బాకీకి జమ చేసుకునే హక్కు) రాసే ఉంటుంది, అకౌంట్లో డబ్బు పడగానే హోల్డ్ పెట్టేస్తారు. అప్పు ఏఆర్‌సీకి అమ్మేశాక బ్యాంకుకి ఆ అవసరం ఉండదు, కానీ అమ్మారో లేదో మీకు కాగితం చూసేదాకా తెలియదు కదా.

సిబిల్ రిపోర్టు తీయండి ముందు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, నాలుగూ ఏడాదికొకటి ఫుల్ రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అందులో అప్పు ఎవరి పేరుమీద ఉంది, లాస్ట్ పేమెంట్ డేట్ ఏమేశారు చూడండి.

పెందుర్తి_శ్రీను · నవంబర్ 6, రాత్రి 9:15

మేనేజర్ గారూ మీరు చెప్పబట్టి తీశా, అందులో ఒక వింత ఉందండి. అప్పు ఏఆర్‌సీ పేరు మీదే ఉంది, స్టేటస్ రిటెన్ ఆఫ్. కానీ లాస్ట్ పేమెంట్ డేట్ 2023 జూన్ అని ఉంది. వాళ్లని అడిగితే స్టేట్‌మెంట్ ఒక పేజీ వాట్సాప్ చేశారు, అందులో 500 రూపాయలు క్యాష్ జమ అని ఎంట్రీ. ఒట్టు, నేను కట్టలేదండి. ఆ జూన్‌లో నేను సూరత్‌లో ప్రాజెక్టు మీద ఉన్నా, ట్రైన్ టికెట్లు కూడా ఉన్నాయి.

మాజీ_కాలర్ · నవంబర్ 6, రాత్రి 9:40

హా. వచ్చింది బయటికి. గడువు దగ్గర పడుతున్న అకౌంట్లలో 500, 200 ఇలా పడటం నేను చూశా. ఎవరు వేశారో అడక్కండి నన్ను.

నల్లకోటు · నవంబర్ 6, రాత్రి 10:30

శ్రీను గారూ ఇప్పుడు మీ కేసంతా ఆ 500 మీదే ఉంది. మీ గడువు 2023 సెప్టెంబర్ చివరికి అయిపోవాలి, జూన్‌లో జమ పడితే 2026 జూన్ దాకా పెరిగినట్టు వాళ్లు వాదిస్తారు. కానీ 19వ సెక్షన్ చదివితే, కట్టాల్సినవాడు గానీ అతని తరఫున అధికారం ఉన్నవాడు గానీ కట్టాలి, కట్టినట్టు కట్టినవాడి చేతిరాతలోనో సంతకంతోనో కాగితం ఉండాలి. ఏజెన్సీవాడు మీకు తెలీకుండా కౌంటర్లో 500 వేస్తే అది మీ పేమెంట్ కాదు. సంతకం ఉన్న రసీదు చూపించమనండి.

కింద నమూనా పెడుతున్నా, మీ వివరాలు వేసి బ్యాంకు నోడల్ ఆఫీసర్‌కి, ఏఆర్‌సీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఈమెయిల్ చేయండి, స్పీడ్ పోస్టు కూడా వేయండి డెలివరీ ప్రూఫ్ వచ్చేలా. (రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబర్ నుంచి స్పీడ్ పోస్టులో కలిపేశారు, కౌంటర్‌లో పాత పేరు చెప్పి కంగారు పడకండి.)

"ఫలానా కార్డు ఖాతా గురించి మీ తరఫున నాకూ నా బంధువులకూ ఫోన్లు వస్తున్నాయి. ఈ లేఖ ఏ బాకీనీ అంగీకరిస్తున్నట్టు గానీ చెల్లిస్తానని మాట ఇస్తున్నట్టు గానీ కాదు. ఖాతా బదిలీ అయిన పత్రం నకలు, మొదటి నుంచి నెలవారీ స్టేట్‌మెంట్, మీరు చూపుతున్న మొత్తం ఎలా వచ్చిందో వివరం పంపగలరు. 2023 జూన్‌లో చూపిన 500 రూపాయల జమ నేను చేయలేదు, నా తరఫున చేయమని ఎవరికీ చెప్పలేదు. ఆ జమ ఎవరు, ఎక్కడ, ఏ విధంగా చేశారో, సంతకంతో కూడిన రసీదు నకలుతో తెలియజేయగలరు. ఇకపై నాతో రాతపూర్వకంగానే సంప్రదించగలరు, నా బంధువులకు ఫోన్ చేయరాదు."

ఇంతే. ఉద్యోగం పోయిన కథ, కష్టాలు, సారీలు ఏమీ రాయొద్దు. 72 వేలు అన్న అంకె కూడా వేయొద్దు. సిబిల్‌లో కూడా ఆ డేట్ మీద డిస్ప్యూట్ వేయండి, 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి రూలుంది. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చినా సంతృప్తి లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి), సీఎంఎస్ అనే ఆర్‌బీఐ ఫిర్యాదుల పోర్టల్‌లో వేయొచ్చు, 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెప్తారు. అక్కడికి మాలాంటి లాయర్ల ద్వారా వెళ్లడానికి లేదు, మీరే వేయాలి, ఫీజు కూడా లేదు.

సిద్దిపేట_పిలగాడు · నవంబర్ 6, రాత్రి 10:48

లాయర్ ఫీజు లేకుండ లాయరే లెటర్ రాసిచ్చిన మొదటి థ్రెడ్ ఇదే కావచ్చు.

లోక్ అదాలత్ అని మెసేజ్ వస్తే పోవాల్నా అన్నా? మా దోస్తుకు వచ్చింది.

నల్లకోటు · నవంబర్ 6, రాత్రి 11:05

ముందు అది నిజమైనదేనా అని జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీలో అడగమను. కేసు వేయకముందు పంపే ప్రీ లిటిగేషన్ నోటీసు అయితే వెళ్లకపోతే శిక్షేమీ లేదు, కేసు ఓడిపోయినట్టూ కాదు. వెళ్తే మంచి బేరం కుదరొచ్చు కూడా. కానీ అక్కడ ఒప్పుకుని సంతకం పెట్టాడంటే అది డిక్రీతో సమానం, అప్పీలు లేదు. కట్టగలిగిన అంకెకే తలూపమను.

పెందుర్తి_శ్రీను · డిసెంబర్ 9, రాత్రి 8:20

అప్‌డేట్ అండి. లెటర్ వెళ్లాక మావయ్య గారికి ఫోన్లు పూర్తిగా ఆగాయి, నాకు ఒకటీ రెండూ వచ్చాయి అంతే. ఏఆర్‌సీ నుంచి ఈమెయిల్ జవాబు వచ్చింది. బదిలీ పత్రంలో మా కార్డు నంబరున్న పేజీ ఒకటి పంపారు, స్టేట్‌మెంట్ 2019 తర్వాత నుంచే ఉంది. 500 గురించి "కలెక్షన్ ఏజెన్సీ ద్వారా నగదు, రసీదు అందుబాటులో లేదు" అని ఒక్క లైను రాశారు. కింద మళ్లీ 48 వేలకి సెటిల్మెంట్ ఆఫర్, ఈసారి 15 రోజులు టైమిచ్చారు.

నల్లకోటు · డిసెంబర్ 9, రాత్రి 9:05

ఆ ఒక్క లైనున్న ఈమెయిల్ ప్రింట్ తీసి, సూరత్ టికెట్లతో కలిపి ఫైల్ చేసి పెట్టుకోండి. రేపు సూట్ వేస్తే మీ జవాబులో మొదటి పేరా అదే. సిబిల్ డిస్ప్యూట్‌కి కూడా అటాచ్ చేయండి.

రిటైర్డ్_మేనేజర్ · డిసెంబర్ 9, రాత్రి 9:30

హోమ్ లోన్ ఆలోచన ఉందన్నారు కాబట్టి ఒక మాట. 48 వేలకి సెటిల్ అయితే రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది, అది రిటెన్ ఆఫ్ కంటే నయమే గానీ లోన్ ఆఫీసరు మొహం చిట్లిస్తాడు. అసలు మొత్తం దగ్గర బేరమాడి "క్లోజ్డ్" అని రిపోర్ట్ చేస్తామని లెటర్‌హెడ్ మీద రాయించుకోండి, కట్టేముందే. డబ్బు వాళ్ల కంపెనీ అకౌంటుకే ఒకే దఫాలో వెళ్లాలి, ఏజెంట్ యూపీఐకి కాదు. తర్వాత నో డ్యూస్ సర్టిఫికెట్. ఈ మూడూ లేకుండా రూపాయి కదపొద్దు.

మాజీ_కాలర్ · డిసెంబర్ 9, రాత్రి 9:44

బేరం మార్చిలో ఆడండి.

పెందుర్తి_శ్రీను · డిసెంబర్ 9, రాత్రి 10:10

అలాగే చేస్తాం అండి. ఫ్లాట్ ఎలాగూ దసరా దాకా కుదరదు, మా ఆవిడ కూడా ముందు ఆ సిబిల్ డేట్ మారనీ అంటోంది. డిస్ప్యూట్ ఇవాళే వేశా. 500 ఎంట్రీ తీసేశాక అంకె గురించి మాట్లాడతా, అప్పటిదాకా దేనికీ సంతకం పెట్టను. నల్లకోటు గారూ వైజాగ్ వస్తే చెప్పండి, ఆర్‌కే బీచ్‌లో మురీ మిక్చర్ నాది.

కొత్తగా_వచ్చా · డిసెంబర్ 10, ఉదయం 8:02

అన్నా నాది లోన్ యాప్, కాంటాక్ట్స్ అందరికీ నా ఫొటో మార్ఫ్ చేసి పంపిస్తామంటున్నారు, ఇదే లెటర్ పంపితే సరిపోతుందా

మోడ్_సూరి · డిసెంబర్ 10, ఉదయం 8:15

సరిపోదు తమ్ముడూ, అది వేరే కేసు. వెంటనే సైబర్ క్రైమ్ నంబర్ 1930కి ఫోన్ చెయ్, స్క్రీన్‌షాట్లు డిలీట్ చెయ్యకు, యాప్‌కి ఇచ్చిన పర్మిషన్లన్నీ తీసెయ్. లోన్ యాప్స్ థ్రెడ్ పైన పిన్ చేసి ఉంది, అక్కడ రాయి, నల్లకోటు గారిని అక్కడికి పిలుస్తా. దీన్ని లాక్ చేయట్లేదు, శ్రీను గారు మార్చిలో వచ్చి చెప్పాలి కదా.